బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు

ములాఖత్ రోజున తెల్లవారకముందే జైలు గేటు ముందు వరుస కట్టే స్త్రీలను మేము ఏళ్ల తరబడి చూస్తున్నాం. చేతిలో ఆధార్ కార్డు, సంచిలో ఒక జత బట్టలు, కొంగున ముడివేసుకున్న బస్సు ఛార్జీలు. వారి భర్తలలో, కొడుకులలో అత్యధికులు దోషులుగా తేలినవారు కారు, విచారణ ఖైదీలు. ఇటువంటి కుటుంబాలకు తోడుగా కోర్టుకూ, వకీలు ఇంటికీ, జైలుకూ మధ్య తిరిగే మమ్మల్ని ఆ తల్లులు అడిగేది శిక్ష గురించి కాదు. ‘బెయిల్ వచ్చిందన్నారు గదా బేటా, మరి మనిషి ఎందుకు రాలేదు?’ అని.

మనిషి రాకపోవడానికి కారణం జామీను. కోర్టు బెయిల్ మంజూరు చేస్తూ సాధారణంగా ఇద్దరు జామీన్‌దార్లను అడుగుతుంది. వారి చేతిలో ఇంటిపన్ను రశీదో, పట్టాదారు పాసుపుస్తకమో, ప్రభుత్వోద్యోగి జీతపు పత్రమో ఉండాలి. అద్దె గదిలో ఉంటూ పంక్చర్ దుకాణంలో దినకూలికి పనిచేసేవాడి కుటుంబానికి అవి ఎక్కడివి? బంధువులందరూ అదే స్థితిలో ఉన్నవారే. అప్పుడే అద్దె జామీన్‌దార్లను కుదిర్చే దళారి ప్రత్యక్షమవుతాడు. భార్య మెడలోని నల్లపూసల లచ్ఛా తాకట్టు దుకాణానికి చేరుతుంది. తాకట్టు పెట్టడానికి అదీ లేనివారి ఇంట్లో బెయిల్ ఉత్తర్వు మడతపెట్టిన కాగితంగానే మిగిలిపోతుంది.

ఇది ఈనాటి అన్యాయం కాదు. 1978లో మోతీరాం కేసులో ఒక తాపీమేస్త్రీకి మేజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీకత్తు విధించి, అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందన్న కారణంతో ఆ జామీనును తిరస్కరించాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని తీవ్రంగా తప్పుపట్టారు. మరుసటి ఏడు హుస్సైనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. నిందితుడికి ఉన్న ఆస్తినే చూడవద్దు, ఊరితో అతని అనుబంధం చూడండి, ఎన్నేళ్లుగా అక్కడ ఉంటున్నాడో, ఏ పని చేస్తున్నాడో, కుటుంబం ఎక్కడుందో తెలుసుకోండి, పారిపోడని తోస్తే సొంత పూచీపై విడిచిపెట్టండి అన్నది ఆ తీర్పు సారాంశం.

కానీ ఆ వివరాలు ఎవరు సేకరించాలి? అమెరికా ఫెడరల్ కోర్టులలో ఈ పనికోసమే ప్రత్యేక అధికారులున్నారు. 1982లో చేసిన చట్టం ఆ వ్యవస్థను దేశమంతటికీ విస్తరించింది. వారు నిందితుడిని కలిసి, అతడు చెప్పినదాన్ని సరిచూసి, న్యాయమూర్తికి నివేదిక ఇస్తారు. ఆ దేశపు జైళ్లు ఆదర్శమని మేము చెప్పడం లేదు. అడగవలసిన ప్రశ్నలను మన సుప్రీంకోర్టు 1979లోనే చెప్పినా, వాటిని అడిగే ఉద్యోగిని మన ప్రభుత్వాలు ఇంతవరకు నియమించలేదన్నదే మా ఆరోపణ. న్యాయసేవాధికార సంస్థల పారాలీగల్ వాలంటీర్లు ఉన్నారు గదా అనవచ్చు. గౌరవ భృతిపై పనిచేసే వాలంటీర్ల భుజాన ఇంత బరువు మోపి ప్రభుత్వం చేతులు దులుపుకోరాదు.

2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. 2011 జనగణన ప్రకారం జనాభాలో ముస్లింలు 14.2 శాతం. 2019 జైలు గణాంకాలలో శిక్షపడినవారిలో మన వాటా 16.6 శాతం, విచారణ ఖైదీలలో 18.7 శాతం. దళితుల, ఆదివాసీల వాటా కూడా జనాభాలో వారి వాటాను మించే ఉంది. దీనికి కారణం ఒక్కటే అని మేము అనం. పేదరికం ఉంది, పోలీసుల అనుమానపు చూపు ఉంది, అండగా నిలిచేవారు లేకపోవడమూ ఉంది. ఈ మూడవదాన్ని రేపే సరిదిద్దవచ్చు.

ఎందుకంటే నియమాలు ఇప్పటికే ఉన్నాయి. బెయిల్ ఇచ్చిన 7 రోజులలో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. నెలలోగా జామీను సమర్పించలేకపోతే షరతు సడలింపును కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివారు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైలులో గడిపితే వారిని విడుదల చేయాలి. మరణశిక్షకు, యావజ్జీవానికి అవకాశమున్న నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. కోర్టుకు దరఖాస్తు పెట్టవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. పేద ఖైదీల పూచీకత్తుకు సాయమందించే పథకాన్ని, అప్పట్లో 40,000 రూపాయల పరిమితితో, కేంద్రం 2023లో తెచ్చింది. జైలు గేటు ముందు నిలబడిన తల్లికి వీటిలో ఒక్కటీ ఎవరూ చెప్పలేదు.

కాబట్టి మేము కోరేది దయ కాదు. ప్రతి జైలుకు, ప్రతి జిల్లా కోర్టుకు విచారణ ఖైదీల కుటుంబాలతో మాట్లాడే, జీతమూ జవాబుదారీతనమూ ఉన్న అధికారిని నియమించాలి. బెయిల్ వచ్చినా విడుదల కానివారి సంఖ్యను ప్రతి నెలా బయటపెట్టాలి.

ప్రభుత్వాన్ని నిలదీసే మనం మన మొహల్లాను కూడా నిలదీయాలి. కేసు పడిన ఇంటి గడప తొక్కడం మానేసినవారిలో మనమూ లేమా? ఇంటిపన్ను రశీదు ఉన్న పెద్దమనుషులు జామీను మాట రాగానే ముఖం తిప్పుకోలేదా? మనిషిని తెలిసి, షరతులు తెలిసి జామీను నిలవడం నేరాన్ని సమర్థించడం కాదు, విచారణకు వస్తాడని మాట ఇవ్వడం. ఖురాన్ పేర్కొన్న జకాత్ వ్యయపు ఎనిమిది పద్దులలో బందీల విముక్తి ఒకటి. దానిని ఈ కుటుంబాలకు ఎంతవరకు వర్తింపజేయవచ్చో ఉలమాలు చర్చించి దారి చూపాలి. ప్రతి మసీదు కమిటీ తన పరిధిలో జైలులో ఉన్నవారి జాబితా రాసుకొని, వారిలో ఎవరికి బెయిల్ వచ్చిందో, ఎవరికి జామీను దొరకలేదో కనుక్కోవాలి. ఆ పని ఈ జుమాకే మొదలుకావాలి. వచ్చే ములాఖత్ రోజున ఆ తల్లి మళ్లీ అదే ప్రశ్న అడుగుతుంది.