మాంత్రికుని మైత్రి

మంత్రసిద్ధి గలవానికి భూతము ప్రాణమిత్రమువంటిదనియు, పిలిచినంతనే వచ్చి, చెప్పిన పని చేసి, నిలుమన్నచోట నిలుచు నట్టి నమ్మకము మనుష్యులలో దొరకదనియు చెప్పువారు మనలో నింకను గలరు. ఆ మాట తాయెత్తులు అమ్మువాని నోట వినిన నాశ్చర్యము లేదు. అది వాని వర్తకము. కాని పట్టములు పొందినవారును, స్త్రీవిద్యకై సభలలో వాదించువారును దానిని చిరునవ్వుతో నొప్పుకొనుచుండుట చూచి యీ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది. పిలిచినంతనే వచ్చుట మైత్రికి గుర్తా? గంట కొట్టినంతనే బంట్రోతు వచ్చును. అంతమాత్రమున వాడు దొరవారికి మిత్రుడని యెవ్వరైన నందురా?

మంత్రశాస్త్రగ్రంథములనే విప్పి చూతము. భూతడామరతంత్రమున యక్షిణులను సాధించు విధానములు గలవు. సాధకుడు యక్షిణిని తల్లిగానో, చెల్లెలిగానో, భార్యగానో చేసికొనవచ్చును. ఆమె వానికి ధనమును వస్త్రములను తెచ్చి యిచ్చును. ఇంతవరకు వినుటకు ముచ్చటగనే యున్నది. కాని పిలిచినప్పుడు రాకున్న నామె చచ్చునని కూడ ఆ గ్రంథమే చెప్పుచున్నది. ఎంతటి బాంధవ్యము! అమ్మా యని పిలుచుట. రాకున్న ప్రాణము తీయుట. భయముచే వచ్చిన తల్లి తెచ్చిపెట్టిన యన్నమును తిని, నా తల్లికి నామీద నెంత ప్రేమయో యని మురియువానిని మూఢుడనవలెనో క్రూరుడనవలెనో నాకు తోచుట లేదు.

ఇక మన యింటింట చెప్పుకొను బేతాళకథను చూడుడు. పదునొకండవ శతాబ్దిలో కాశ్మీరమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరములో నీ కథ గలదు. రాజు త్రివిక్రమసేనుడు, పురము గోదావరీతీరమందలి ప్రతిష్ఠానము. క్షాంతిశీలుడను భిక్షువు దినమునకొక పండు చొప్పున రాజునకు కానుక యిచ్చుచుండెను. ఒకనాడొక కోతి యా పండును కొరుకగా లోపలినుండి రత్నము రాలినది. అన్ని రత్నములిచ్చినవాడు కోరిన సాయమును కాదనలేక రాజు కృష్ణచతుర్దశి రాత్రి శ్మశానమునకు పోయి, శింశుపావృక్షమున వ్రేలాడు శవమును భుజమున వేసికొని తెచ్చుటకు పూనుకొనెను. ఇందు మంత్రము తెలిసినవాడు భిక్షువు. భూతమును మోసినవాడు రాజు. భిక్షువు మండలము గీసికొని కూర్చుండెను. రాజో, రాత్రి యంతయు నడిచెను, కథలు వినెను, సమాధానము చెప్పినప్పుడెల్ల శవము మరల చెట్టునకు పోవుచున్నను విసుగక తిరిగి తెచ్చెను.

తెలిసియు చెప్పకున్న నీ తల పగులునని బేతాళుడును రాజును బెదిరించినాడు గదా యని యడుగుదురేమో. బెదిరించినమాట నిజమే. కావుననే అంతవరకు వారిద్దరి నడుమ నున్నది మైత్రి కాదు, బేరము. ఇరువదినాల్గవ కథ చివర రాజునకు నిజముగనే యుత్తరము తోచలేదు. బెదిరింపునకు పని లేకపోయినది. మౌనముగ నడచిపోవుచున్న యా రాజుతో బేతాళుడు, ఎవ్వరు నడుగకయే, భిక్షువు గుట్టు బయటపెట్టెను: వాడు నిన్ను బలి యిచ్చుటకే రప్పించుచున్నాడు; సాష్టాంగపడుమన్నప్పుడు, నేను రాజును, నాకది తెలియదు, నీవు ముందు చేసి చూపుమనుము. రాజట్లే చేసి బ్రదికెను; భిక్షువు తల తెగెను. మంత్రముతో కట్టదలచినవానిని భూతము తెగటార్చినది. ఒక్క రాత్రి మోసినవానిని కాపాడినది.

మన పిల్లలలో పెక్కుమంది కీ ఘట్టము తెలియదు. 1947లో మద్రాసున ఆరంభమైన చందమామలో బేతాళకథలు దశాబ్దములపాటు వందలకొలది వెలువడినవి. ప్రతికథ చివరను శవము మరల చెట్టెక్కుటయే. పత్రికకు తరుగని గని దొరకినది, సరే. కాని పెద్దలైన నింటిలో కడపటి కథ చెప్పవలసినది.

ఇంగ్లీషు చదివినవారు వెంటనే షేక్స్పియరు మహాకవి 'టెంపెస్టు' నాటకమును ముందుకు తెత్తురు. 1611 ప్రాంతముననే ప్రాస్పెరోకును ఏరియెలుకును గల యనురాగమును చూపలేదా యని. చూపినాడు, ఎట్లు చూపినాడో చదువుడు. సికొరాక్సు అను మంత్రగత్తె దేవదారు మ్రాను చీలికలో పండ్రెండేండ్లు బంధించిన ఏరియెలును ప్రాస్పెరో విడిపించి తన పనికి పెట్టుకొనెను. గడువులో నొక యేడు తగ్గింతునని మాట యిచ్చెను. ఆ మాట జ్ఞాపకము చేసినంతనే మండిపడి, నీవెంత బాధపడితివో నెలకొకసారి నీకు చెప్పవలసి వచ్చుచున్నదని దెప్పి, మరల గొణిగిన సింధూరవృక్షమున పండ్రెండు శీతకాలములు దిగగొట్టుదునని బెదిరించెను. నేనీ కథ చెప్పినప్పుడెల్ల తరగతిలోని బాలురు ఏరియెలు పక్షమునే వహింతురు. పండితులే ప్రాస్పెరోను వెనుకవేసికొని వత్తురు.

నిజమైన చెలిమి యైదవ యంకమున గాని కానరాదు. విడుదల దగ్గర పడినది. అప్పుడు ఏరియెలు, నీ శత్రువుల యవస్థ చూచిన నీ మనస్సు కరుగునని చెప్పును. నీకట్లు తోచుచున్నదా యని ప్రాస్పెరో యడుగగా, నేను మనుష్యుడనైన నాకు కరుగునని యా భూతము బదులు పలుకును. ఆ మాట ప్రాస్పెరోను పగనుండి మరల్చినది. అది యాజ్ఞను నెరవేర్చుట కాదు, హితవు చెప్పుట. పిదప ప్రాస్పెరో చెప్పిన మాట ప్రకారము దానిని విడిచిపెట్టెను.

ఈ కథలు భూతములవి కదా, మనకేల యందురా? అప్పు తీర్చి తెచ్చుకొన్న పాలేరు మావాడు, ఇంటిమనిషివంటివాడు అని చెప్పి, ఆ యప్పును నెలకొకసారి జ్ఞాపకము చేసిన గృహస్థులు మన పల్లెలలో లేకపోయిరా? వెట్టిచాకిరిని చట్టము 1976లో రద్దు చేసినది. ఆ నోటిమాటను చట్టము రద్దు చేయలేదు. భార్యను వశము చేసికొనుటకు యంత్రము, భర్తను వశము చేసికొనుటకు తాయెత్తు నేటికిని అమ్ముడుపోవుచునే యున్నవి. వశమైన భార్య యేమి చెప్పును? భర్త చెప్పుమన్నదే చెప్పును. ఇల్లు తాకట్టు పెట్టి తమ్మునికి హామీ యుండబోవు నాడు, వద్దు, అతడు నిన్ను ముంచునని చెప్పవలసిన నోరు కూడ ఆ తాయెత్తుతోనే కట్టుబడి యుండును.