ఖాళీ లేని బడి

ఏకోపాధ్యాయ పాఠశాల. పంతులుగారు ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూంటే నాలుగో తరగతివాళ్ళు ఏం చెయ్యాలి? చేతులు కట్టుకు కూర్చోమనడమే మనకు తెలిసిన ఉపాయం! మదనపల్లె దగ్గర రిషీవ్యాలీవారి పల్లెబళ్ళలో అంత తీరిక ఎవరికీ ఉండదు. గోడమీద నిచ్చెన పటం. పిల్లవాడు అందులో తన మెట్టు చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తనే తీసుకుని పనిలో పడతాడు. అది కాగానే పై మెట్టు. పాలుపోనివాళ్ళ పక్కన పంతులుగారు చేరతారు. 2003లో చెన్నై నగరపాలక బళ్ళు ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నాయి. మన పెద్ద బళ్ళలోనో? లెక్క ముందే చేసేసిన పిల్లను మళ్ళీ అదే పదిసార్లు రాయమంటారు. అది పని కాదు, శిక్ష సుమండీ! పల్లెబడిలో వేరుసెనగ పీకడానికి పోయి పదిరోజులు మానినవాడు తిరిగొస్తే, వాడు వదిలిన మెట్టు దగ్గరే వాడి కార్డు ఉంటుంది.