ఇల్లంతా ఒకే నీలిబూడిద రంగు ఉచితమేనా?

ఇటీవల కొందరు గృహస్థులు ఇల్లంతటికీ బూడిద కలిసిన నీలి రంగే వేయిస్తున్నారు. కంటికి చల్లగా ఉంటుందని వారి అభిప్రాయం. కాదనను. మన పెద్దలు కూడా వెల్లసున్నంలో చిటికెడు నీలిమందు కలిపించేవారు. కాని ఆ వెల్ల వెలుతురును తిరిగి గదిలోకి పంపేది. ఈ నీలిబూడిద అందులో చాలా భాగాన్ని మింగివేస్తుంది.

రోగపరీక్షకు దర్శన, స్పర్శన, ప్రశ్నలనే మూడు మార్గాలను మన శాస్త్రం చెప్పింది. ఇటువంటి గదులలో పడుకున్న రోగి ముఖవర్ణం, నాలుక, కనురెప్పల లోపలి ఎరుపు నాకు స్పష్టంగా తెలియవు. కిటికీ దగ్గరకు తీసుకురమ్మంటాను. పాండురోగమో, కామెర్లో ఆ మసకలో మరుగున పడితే చికిత్స ఆలస్యం కాదా?

వృద్ధులకు మరొక ప్రమాదం ఉంది. 20 ఏళ్ల వయసులో కంటి లోపలికి చేరే వెలుతురులో సుమారు మూడోవంతే 60 ఏళ్లకు చేరుతుంది. ఆ వయసు దాటిన నాకిది అనుభవమే. గోడ, తలుపు, గడప ఒకే రంగులో కలిసిపోతే అడుగు తప్పుతుంది. తుంటి ఎముక విరిగితే మంచమే గతి.

ఔషధాన్ని దేశం, కాలం, ప్రకృతి చూచి ఇస్తాము. రంగు విషయంలోనూ అంతే. ఎండ దంచే పడమటి గదికి, పిత్తప్రకృతి గలవారికి నీలిబూడిద హాయినిస్తుంది. వెలుతురు తక్కువైన గదికి, వృద్ధులూ రోగులూ ఉండే గదికి తెలుపో, లేత పసుపో వేయించండి. గడపకు పసుపు రాసే ఆచారం మానకండి. మంగళప్రదమైన ఆ పసుపే ముసలి కంటికి ఆనవాలు కూడా.