సర్దుకోవాల్సింది పిల్లేనా?

కాలేజీలు తెరిచారంటే కోవూరు బస్సుస్టాపులో పొద్దున్నే కొత్త బ్యాగులతో ఆడపిల్లల సందడే సందడి. పెన్నా వంతెన దాటితే నెల్లూరు. దర్గామిట్టలోని డి.కె. మహిళా కళాశాల లాంటి చోట కొత్తగా చేరిన పిల్లకి క్లాసులూ, స్నేహితులూ, బస్సు వేళలూ అన్నీ కొత్తే.

ఇంటికొస్తే, "ఏదీ ఓ చోట పెట్టవు, ఓ పద్ధతి లేదు" అని మనమే విసుక్కుంటాం. నీళ్ళు పట్టి, తమ్ముడి క్యారేజీ సర్ది, బస్సుకి పరిగెత్తే పిల్ల తన పుస్తకాలు ఎప్పుడు సర్దుకుంటుంది చెప్పండి? అదే మగపిల్లాడైతే, "చదువుకుంటున్నాడు, కదిలించకండి" అంటాం కదూ!

1990ల మొదట్లో మన జిల్లాలో పగలంతా కూలికెళ్ళిన ఆడవాళ్ళు రాత్రిబడిలో పలక పట్టారు. 1992లో దూబగుంట మహిళలు సారాపై తిరగబడటానికి ఆ చదువే ఊపిరి పోసింది. ఇంత పనిలోనూ చదువుకంటూ ఓ వేళ కేటాయించుకున్నారు వాళ్ళు.

మన పిల్లకీ ఆ వేళ ఇద్దాం. టైంటేబుల్ రెండు కాపీలు రాయించండి. ఒకటి ఆమె పుస్తకంలో, రెండోది వంటింటి గోడ మీద. సాయంత్రం గంటసేపు ఆమెని ఎవరూ పిలవొద్దు. బ్యాగు, బస్సుపాసు రాత్రే ఓ చోట పెట్టుకోమనండి. తమ్ముడి క్యారేజీ తమ్ముడే సర్దుకుంటాడు. మొదటి నెల మార్కుల మాటెత్తకుండా, "ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావమ్మా?" అని అడగండి.

కొత్త చదువుకి సర్దుకోవాల్సింది పిల్ల ఒక్కతే కాదు, ఇల్లు కూడా!