మూతి పేలినవాడు ముద్దాయి కాదు

పిల్లలూ! జ్వరం వచ్చి తగ్గాక పెదవి అంచున సన్నని నీటిపొక్కులు గుత్తిగా లేవడం మీరు చూసే ఉంటారు. దాన్నే మనం "మూతి పేలింది" అంటాం. అమ్మమ్మ "వేడి చేసింది" అంటుంది. పక్కింటావిడ "రాత్రి ఏదో పురుగు పాకింది" అంటుంది. నిజానికి ఇది హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ చేసే పని. ఆటలమ్మను తెచ్చే వైరస్ కూడా ఈ కుటుంబంలోనిదే.

ఇది ఎంతమందిలో ఉందో తెలుసా? ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 50 ఏళ్ళలోపు వారిలో నూటికి 64 మందికి, అంటే దాదాపు 380 కోట్ల మందికి, దీని మొదటి రకం సోకి ఉంది. వారిలో ఎక్కువమందికి ఇది చిన్నతనంలోనే అంటింది. తల్లి నుంచి బిడ్డకు వచ్చిన రక్షణ కొన్ని నెలలకు తగ్గిపోతుంది. ఆ తరువాత ఇంట్లోవారు ముద్దాడినప్పుడు లాలాజలం ద్వారా వైరస్ చేరుతుంది. చాలామంది పిల్లల్లో ఏ లక్షణమూ కనిపించదు. కొందరు పసిపిల్లలకు మాత్రం జ్వరం వచ్చి, చిగుళ్ళు వాచి, నోరంతా పుళ్ళు పడతాయి. రెండు వారాల్లో తగ్గుతాయి. నొప్పికి బిడ్డ నీళ్ళు కూడా తాగకపోతే వెంటనే డాక్టరుకు చూపించాలి.

తగ్గింది అంటే పోయిందని కాదు. వైరస్ నాడుల వెంట పాకి, కపాలం లోపల ఉన్న ఒక నాడీకణాల ముడిలో చేరి నిద్రపోతుంది. జ్వరం, తీవ్రమైన ఎండ, అలసట వంటివి దాన్ని మళ్ళీ లేపుతాయి. కాబట్టి అమ్మమ్మ మాటలో కొంత నిజముంది. ఎండ, జ్వరం నిద్రపోతున్నదాన్ని లేపుతాయి. కాని కొత్తగా తెచ్చిపెట్టవు.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ క్రితం నా ఏడవ తరగతిలో ఒక అమ్మాయి మూతి పేలి బడికి వచ్చింది. "అంటుకుంటుంది, వెనక్కి వెళ్ళు" అని ఆమెను చివరి బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టాను. పొక్కులు పది రోజుల్లో మానిపోయాయి. ఆ అమ్మాయి పక్కన కూర్చోవడానికి మాత్రం దసరా సెలవుల దాకా ఎవరూ రాలేదు. సైన్సు చెప్పే మాస్టారు మాట కదా, పిల్లలు నమ్మారు!

ఆ రోజు నేను ఆలోచించవలసింది ఇది. ఆ తరగతిలో చాలామందికి ఆ వైరస్ అప్పటికే సోకి ఉంటుంది. పైగా పొక్కులు లేనప్పుడు కూడా అది అప్పుడప్పుడు లాలాజలంలోకి వస్తుంది. అలాంటప్పుడు కనిపించిన ఒక్కరిని దూరం పెట్టి ఎవరిని కాపాడినట్లు? పక్కన కూర్చున్నంత మాత్రాన అది అంటదు కూడా.

అయితే జాగ్రత్త అక్కరలేదా? తప్పక కావాలి. పొక్కులున్నన్నాళ్ళు గ్లాసు, తువ్వాలు వేరుగా ఉంచుకోవాలి. పొక్కులు గిల్లకూడదు. తాకిన చేతితో కన్ను నలపకూడదు, కంటికి సోకితే చూపు దెబ్బతినవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, మూతి పేలినవారు పురిటిబిడ్డను ముద్దాడరాదు. మొదటి నెలలో సోకితే బిడ్డ ప్రాణానికే ప్రమాదం. మన బారసాలలు చాలావరకు 11వ రోజునో, 21వ రోజునో జరుగుతాయి. వచ్చిన చుట్టాలంతా బిడ్డను ఎత్తుకుని ముద్దాడేది సరిగ్గా ఆ రోజుల్లోనే! ఈ మాట ఇంట్లో పెద్దలకు చెప్పవలసింది మీరే.

దీనికి టీకా ఇంకా రాలేదు. ఎసైక్లోవిర్ అనే మందు ఉంది. దాని రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించిన గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో, మరి ఇద్దరితో కలిపి, వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ మందు వైరస్ పెరగకుండా ఆపుతుంది. నిద్రపోతున్నదాన్ని మాత్రం తొలగించలేదు.

మనలో సగానికి పైగా మోస్తున్నదాన్ని ఒకరి నేరంగా ఎంచడం సైన్సు కాదు. జాగ్రత్త వేరు, వెలి వేరు. రేపు మీ తరగతికి ఎవరైనా మూతి పేలి వస్తే, గ్లాసు వేరుగా ఉంచండి. బెంచీ మీద మాత్రం జరిగి చోటివ్వండి.