అంకెలన్నీ ఒకే గాటన కట్టకండి

అంకెలు కనిపిస్తే చాలు, కూడి భాగించేయడం మన సైన్సు విద్యార్థులకు అలవాటైపోయింది. కాని ప్రతి అంకె కొలత కాదు మిత్రులారా! కొన్ని అంకెలు వరుసను మాత్రమే చెబుతాయి.

వరి పండించే ఇంట పుట్టినవాణ్ణి గనక వరి సంగతే చెబుతాను. ఆకు మీద అగ్గితెగులు ఎంత ఉందో చెప్పడానికి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 0 నుంచి 9 వరకు ఒక స్కేలు పెట్టింది. అందులో 4 అంటే ఆకు విస్తీర్ణంలో 4 శాతం లోపు తెగులు. 6 అంటే 11 నుంచి 25 శాతం. 8 అంటే 51 నుంచి 75 శాతం. ఒక వరి రకానికి రెండు మళ్లలో 4, 8 వచ్చాయనుకోండి. ఇంకో రకానికి 6, 6. రెంటి సగటూ 6! కాని మొదటి రకంలో రెండు మళ్లూ కలిపి చూస్తే పాతిక శాతానికి పైగా ఆకు తెగులు పాలైంది. రెండోదానిలో పాతిక దాటలేదు. కాగితం మీద సమానమైనవి పొలంలో సమానం కాలేదు.

ఇంకో చిక్కుంది. మార్కు వేసే కన్ను అందరిదీ ఒకటి కాదు. ఒకరికి 5గా తోచింది మరొకరికి 6. ఒకే మడిలోని దుబ్బులు ఒకే నీరు, ఒకే గాలి పంచుకుంటాయి. ఐదుగురు తలా ఇరవై వేసిన నూరు మార్కులు, నూరుగురు విడివిడిగా వేసిన నూరు మార్కులతో సమానమా?

దీనికి శాస్త్రంలో దారి ఉంది. 1980లో పీటర్ మెకల్లా వరుస వర్గాల విశ్లేషణపై ఒక వ్యాసం ప్రకటించాడు. "ఫలానా గీత దాటకుండా ఉండే అవకాశమెంత?" అని ప్రతి గీత దగ్గరా అడగడం అందులోని పద్ధతి. గీతల మధ్య దూరాలు సమానమని ముందే ఒప్పుకోనక్కర్లేదు. తరువాతివారు దీనికి యాదృచ్ఛిక ప్రభావాలను చేర్చి, మార్కు వేసేవారి చేయి బిగువో వదులో, మడి ఎలాంటిదో కూడా లెక్కలోకి తెచ్చారు. నేడు ఉచితంగా దొరికే 'ఆర్' సాఫ్ట్‌వేర్‌లో ఈ పని చేయొచ్చు.

మరి కళాశాలల్లో జరుగుతున్నదేమిటి? బోధనపై విద్యార్థుల అభిప్రాయాలను 'చాలా బాగుంది', 'బాగుంది', 'ఫరవాలేదు', 'బాగోలేదు' అని సేకరించి, వాటికి 4, 3, 2, 1 వేసి, సగటు తీసి, రెండో దశాంశం దగ్గర అధ్యాపకులను ముందూ వెనకా నిలబెడితే అది న్యాయమా? ఒక సెక్షన్‌ది ధారాళమైన చేయి, ఇంకోదానిది పిసినారి చేయి అయితే?

నేను కోరేది రెండే. ఏ గడిలో ఎందరు టిక్కు పెట్టారో సెక్షన్లవారీగా ప్రకటించండి. డిగ్రీ సాంఖ్యక శాస్త్రంలో ఈ పద్ధతిని ఒక్క ప్రాక్టికల్‌గానైనా పెట్టండి. రేపు మనలో కొందరం విత్తనాలకు మార్కులు వేస్తాం, కొందరం మనుషులకు. ఆ మార్కుల్ని ఎలా చదవాలో ఇక్కడే నేర్చుకుని వెళదాం.