ఎండాకు తెగులు: జీవరసాయన పరీక్షల హద్దు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది నల్లగొండ మాగాణుల్లోనూ, జూరాల నీరు పారే ఉమ్మడి మహబూబ్‌నగర్ పొలాల్లోనూ వానాకాలం వరి ఆకుల అంచులు అలల మాదిరిగా పసుపుబారి ఎండిపోగానే రైతు అడిగే ప్రశ్న ఒక్కటే: వచ్చే ఏడు ఏ రకం వేయాలి? ఆకుముక్కను తేటనీటిలో ఉంచితే కోసిన అంచు నుండి పాలవంటి ద్రవం వెలువడుతుంది. అది బాక్టీరియా తెగులేనని అక్కడికక్కడే తేలుతుంది. రైతు ప్రశ్నకు మాత్రం అది సమాధానం కాదు.

ప్రయోగశాలలోని జీవరసాయన పరీక్షలు ఇంకొక అడుగు ముందుకు తీసుకువెళతాయి. ఎండాకు తెగులు, ఆకుచార తెగులు కలిగించే జాంథోమోనాస్ ఒరైజే పాథోవార్లు రెండింటినీ వేరుచేయడంలో వాటి విలువ కాదనలేనిది. ఆకుచార బాక్టీరియా ఎసిటోయిన్‌ను ఉత్పత్తి చేస్తుంది, ఎల్-అలనిన్ ఏకైక కర్బన వనరుగా పెరుగుతుంది, 0.001 శాతం కాపర్ నైట్రేట్‌ను మాత్రం తట్టుకోలేదు. ఎండాకు బాక్టీరియా ఇందుకు విరుద్ధం: మొదటి రెండూ దానికి చేతకావు, కాపర్ నైట్రేట్‌ను మాత్రం తట్టుకుంటుంది.

చిక్కు ఆ తరువాతనే. విద్యార్థుల సిద్ధాంత వ్యాసాల్లో కేటలేజ్, జెలటిన్ పట్టికలు పేజీలకొద్దీ సాగి, స్వల్ప భేదం కనబడిన చోట ‘కొత్త తెగ’ అనే మాట దొర్లడం కద్దు. ఒక చక్కెరను వాడుకొనే గుణానికీ, వరిలోని నిరోధక జన్యువును దాటే గుణానికీ పొత్తు లేదు. రెండవది ప్రధానంగా బాక్టీరియా మొక్క కణంలోకి పంపే ప్రోటీన్లకు సంబంధించినది. కోస్తా రొయ్యల చెరువుల అనుభవమూ ఇదే. విబ్రియో పారాహీమోలిటికస్ టీసీబీఎస్ మాధ్యమంపై పచ్చని కాలనీలనిస్తుంది. రొయ్యపిల్లలను తొలిదశలోనే చంపే ఐసోలేటుకూ, చంపని దానికీ రంగు ఒక్కటే. తేడా ప్లాస్మిడ్ మీది విషజన్యువులది.

వరిలో తెగను చెప్పగలిగేది వరి మొక్కే. వేర్వేరు నిరోధక జన్యువులున్న ఐఆర్‌బీబీ వంగడాల ఆకుకొసలను బాక్టీరియా ద్రావణంలో ముంచిన కత్తెరతో కత్తిరించి, రెండు వారాలకు మచ్చ పొడవు కొలవాలి. శ్రమే, సందేహం లేదు. అయితే ఈ తెగులుకు సులభంగా లొంగే సాంబా మసూరిలో ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 21 జన్యువులను కలిపి వరి పరిశోధన సంచాలనాలయం, సీసీఎంబీ రూపొందించిన రకం 2008లో విడుదలైంది. ఒంటరి జన్యువును దాటే తెగలు ఉన్నందువల్లే మూడింటిని పేర్చవలసి వచ్చింది. ఆ కూర్పు ఏ మండలంలో ఎంత బలంగా నిలుస్తున్నదో ఏ జెలటిన్ గొట్టమూ చెప్పదు.

పాలెం, కంపాసాగర్ పరిశోధన స్థానాల్లో ఏటా ఒక చిన్న మడి ఈ వంగడాలకు కేటాయించడం అత్యవసరం. తెగులు కనబడ్డాక నారు పోస్తే ఆ ఏడు జారిపోయినట్లే. జూలై మొదట్లో పోస్తేనే సెప్టెంబరులో నమూనాలు వచ్చేనాటికి మొక్కలు పిలకల దశలో సిద్ధంగా ఉంటాయి.